కుటుంబ సభ్యులు అందుబాటులో ఉన్నచో

ఆ ఏడు వేసవి సెలవులకు కోర్టులు మూసేశారు గానీ మా ఆఫీసు మూయలేదు. వివక్ష నిరోధక బిల్లు మీద జనం ఏమంటారో వినడానికి ఒక కమిటీ వేశారు. వానలు మొదలయ్యేలోగా ఆ కమిటీ అందరి మాటా విని సభకు నివేదిక ఇచ్చెయ్యాలి. ఆ తర్వాత ఎంత మొత్తుకున్నా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మా ఆఫీసంటే మూడో అంతస్తులో రెండు గదులు. కింద టైర్ల కొట్టు. ఆ రబ్బరు వాసన మాకంటే ముందే మెట్లెక్కి వచ్చి కుర్చీల్లో కూర్చునేది. ముందు గదిలో నేనూ, నాతోపాటు పనిచేసే ఇంకో లాయరూ. లోపలి గదిలో మా సీనియర్. మేమిద్దరం ఆవిడను మేడమ్ అంటాం. ఫలానావాళ్ళకు ఇల్లు అద్దెకివ్వమన్నారని, ఉద్యోగంలోంచి తీసేశారని, పిల్లను బడిలో చేర్చుకోలేదని వచ్చేవాళ్ళ కేసులు జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ వాదిస్తోంది ఆవిడ. ఒక్కొక్క కేసూ గెలుచుకుంటూ పోవడం కంటే చట్టాన్నే మార్పించడం మేలని ఎప్పుడో తేల్చుకుంది. అలా తేల్చుకున్నాక మంత్రులు మారారు, ఆవిడ మోకాళ్ళు అరిగాయి, బిల్లు మాత్రం బిల్లుగానే ఉండిపోయింది.

ఆ బిల్లులో ఒక సెక్షన్ పని నా మెడకు చుట్టుకుంది. వినికిడి లేనివాళ్ళు ఆసుపత్రికో, కోర్టుకో, ప్రభుత్వ ఆఫీసుకో వెళితే, సైగల భాష తెలిసిన దుబాసీని అక్కడివాళ్ళే ఏర్పాటు చెయ్యాలని ఆ సెక్షన్. అంతవరకూ బాగానే ఉంది. చివర మాత్రం ఒక తోక తగిలించారు: "కుటుంబ సభ్యులు అందుబాటులో ఉన్నచో ఈ నిబంధన వర్తించదు."

"వడ్డించి విస్తరి లాక్కున్నట్టుంది," అంది మేడమ్ అది చదివిన రోజున. "కుటుంబం లేని మనిషెవరు? ఎవడో ఒకడు ఉండనే ఉంటాడు. ఈ తోక కొయ్యకపోతే ఈ సెక్షన్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆ సంగతి నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా అమ్మకూ నాన్నకూ పుట్టినప్పటినుంచీ వినపడదు. నాకు వినపడుతుంది. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో అందుబాటులో ఉన్న కుటుంబ సభ్యురాలిని నేనే. బ్యాంకులో నేనే, కరెంటాఫీసులో నేనే, అద్దె పెంచడానికి వచ్చిన ఇంటి ఓనరు ముందు కూడా నేనే. అటు ఓనరు కసురుకుంటే ఆ కసురు కూడా నేనే, ఇటు నాన్న బతిమాలుకుంటే ఆ బతిమాలడమూ నేనే.

నాన్న ఒక ప్రెస్సులో పుస్తకాల బైండింగు పని చేస్తాడు. మనుషులకు పేర్లు పెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. సైగల్లో పేరును అక్షరమక్షరం చెప్పాలంటే తెల్లారిపోతుంది. అందుకని మనిషిలో కొట్టొచ్చినట్టు కనపడేదేదో పట్టుకుని ఒక సైగ ఖాయం చేసేస్తారు. మేడమ్ కళ్ళజోడు తలమీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునే మనిషి. తలమీద రెండు వేళ్ళు పెడితే మేడమ్. తోటి లాయరు ఏ మాట అనాలన్నా ముందొక నిట్టూర్పు విడుస్తాడు. భుజాలు పైకెత్తి కిందికి జారవిడిస్తే అతను. నేను కూడా మనసులో అతన్ని నిట్టూర్పు అనే అనుకునేదాన్ని.

కమిటీ ముందుకు మేం ఒక తాపీమేస్త్రీని తీసుకెళ్దామనుకున్నాం. అతనికీ వినపడదు. దొంగతనం కేసులో ఇరుక్కుని, కోర్టులో అడిగినదానికల్లా తలూపి, అన్నీ ఒప్పుకున్నట్టు రాసుకుంటే, కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. ఆ రోజు కోర్టు అతనికి దుబాసీగా నిలబెట్టింది ఎవర్నో కాదు, అతని మీద కేసు పెట్టిన బావమరిదినే. కుటుంబ సభ్యుడు, అందుబాటులో ఉన్నాడు. అంతకంటే మంచి సాక్షి మాకెక్కడ దొరుకుతాడు?

వారం ముందు మేస్త్రీ రాలేదు, అతని భార్య వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తగ్గకుండానే చెప్పేసింది.

"మళ్ళీ ఆ సంగతి ఎత్తితే మా అన్న నన్ను గుమ్మం తొక్కనివ్వడమ్మా. మీ చట్టం రేపొస్తుందో ఎల్లుండొస్తుందో. నాకు పుట్టిల్లు ఇవాళ కావాలి."

ఆవిడ దిగిపోయాక నిట్టూర్పు ఒక నిట్టూర్పు విడిచి, "ఆవిడన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడు.

మేడమ్ తలమీదున్న కళ్ళజోడు కోసం కాగితాలన్నీ ఎత్తి చూసింది. చూస్తూ చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"మీ నాన్నగారు వస్తారంటావా?"

ఆ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. రాకుండా పోతే బాగుండునని ఆ వేసవంతా అనుకుంటూనే ఉన్నాను.

"అడుగుతాను మేడమ్," అన్నాను.

మా ఇంటి గంట నొక్కితే మోగదు, హాల్లో దీపం వెలుగుతుంది. వెళ్ళేసరికి నాన్న పంపు దగ్గర చేతులకంటిన జిగురు గోళ్ళతో గీక్కుంటున్నాడు. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు విప్పి మళ్ళీ కుడుతోంది. నేను సంగతి చెప్పాను.

"నన్నెందుకు? నేనేం జైలుకెళ్ళొచ్చానా?" అన్నాడు నాన్న. చేతులతోనే అన్నాడు. మా ఇంట్లో అవే మాటలు కనక ఇక్కడా మాటలుగానే రాస్తున్నాను.

"ప్రెస్సులో జరిగింది చెప్పు నాన్నా. నీ తర్వాత చేరినవాణ్ణి సూపర్‌వైజరుని చేశారు కదా. మీటింగులో నువ్వు ఒప్పుకున్నావని సంతకం కూడా పెట్టించుకున్నారు."

"ఆ మీటింగుకి నువ్వు రాలేదు కదూ?"

"రాలేదు. నాకు పరీక్షలు."

"అదీ సంగతి. ఏం ఒప్పుకున్నానో నాకు ఇప్పటికీ తెలీదు," అని నవ్వాడు.

అమ్మ మిషను ఆపి కాలితో నేలమీద తట్టింది. మా ఇంట్లో పిలుపంటే అదే. ఆ అదురు తెలిసి నాన్న తిరిగాడు.

"అక్కడ ఆయన మాటలు ఎవరు చెప్తారు?" అని నన్ను అడిగింది అమ్మ.

"నేను కాదమ్మా. బధిరుల సంఘం నుంచి దుబాసీ వస్తుంది. మేడమ్ మాట్లాడింది."

అమ్మా నాన్నా ఒకర్నొకరు చూసుకున్నారు. ఇద్దరి చేతులూ కదల్లేదు. తర్వాత నాన్న, "సరే, వస్తాను," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని నేననుకోలేదు.

ఆ ఆదివారం మేడమ్, నిట్టూర్పు మా ఇంటికి వచ్చారు. సాక్షి ఏం చెప్పాలో, ఎంతలో ముగించాలో ఒకసారి చూసుకుంటే మంచిదని. నిట్టూర్పు నాన్నకెదురుగా కుర్చీ లాక్కుని, గొంతు పెంచి, ఒక్కో ముక్కా విడగొట్టి, "ముందు! మీ పేరు! చెప్పాలి!" అని అరిచాడు. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

"ఇతనికి ఒంట్లో బాలేదా? ముఖం అలా కందిపోయిందేం?" అని నాన్న నన్ను అడిగాడు.

నేను అది చెప్పాను. నిట్టూర్పు చెవులదాకా ఎర్రబడి, "సారీ అండీ," అని మళ్ళీ అరిచాడు.

మేడమ్ మాత్రం నాన్న ముఖంలోకి చూస్తూ మామూలుగా మాట్లాడింది. "పది నిమిషాలే ఇస్తారండీ. ప్రెస్సు సంగతి జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు. కోపం వద్దు. కన్నీళ్ళు అసలు వద్దు. కన్నీళ్ళు పెడితే అయ్యో పాపం అని సంతకం పెట్టకుండా వెళ్ళిపోతారు."

"మరి నవ్వొచ్చా?" అన్నాడు నాన్న.

మేడమ్ నవ్వింది. ఆ వేసవిలో ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు.

నాన్న ప్రెస్సు కథ చక్కగా చెప్పాడు. నేను రెండు చోట్ల ఆపి దిద్దాను, నిట్టూర్పు గడియారం చూశాడు. మూడోసారి చెప్పిస్తుండగా మేడమ్ కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి నిద్రపోయింది. అమ్మ చప్పుడు కాకుండా లేచి ఫ్యాను ఆవిడ వైపు తిప్పింది. ఆ ఫ్యాను తిరుగుతుంటే రంపం కోసినట్టు కీచుమంటుందని అమ్మకు తెలియదు. ఆ చప్పుడులోనే ఆవిడ హాయిగా నిద్రపోయింది.

"ఈవిడకి ఇంట్లో ఎవరూ లేరా?" అని అడిగింది అమ్మ.

"ఉంది. బిల్లు ఉంది," అన్నాను.

కమిటీ ముందుకు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే సంఘం దుబాసీ ఫోను చేసింది. ఎవరినో అరెస్టు చేశారట, పోలీసులు పిలిస్తే స్టేషన్లో ఉందట, సాయంత్రందాకా వదలరట. ఊరు మొత్తానికి ఆ పని చేసేవాళ్ళు ముగ్గురు. మిగతా ఇద్దరిలో ఒకరు పెళ్ళికి వెళ్ళారు, ఒకరు పురిటికి వెళ్ళారు.

కమిటీ హాలు బయట వరండాలో గుమాస్తా ఒకాయన పేర్లు పిలుస్తున్నాడు. మా వంతు ఇంకో రోజుకు మార్చమని మేడమ్ అడిగింది.

"ఇంకో రోజు లేదమ్మా, ఇవాళతో ఆఖరు. అయినా ఆయన వెంట ఎవరూ రాలేదా?" అని ఆయన నా వంక చూశాడు. "మీరు?"

"కూతుర్ని."

"మరింకేం! బంగారంలాంటి కూతురుండగా దుబాసీలెందుకమ్మా?" అన్నాడు మనస్ఫూర్తిగా.

"మేం లోపలికి వెళ్ళి చెప్పబోయేది అదేనండీ," అంది మేడమ్.

"అయితే లోపలికెళ్ళి చెప్పండి. తర్వాత మీరే."

మేడమ్ నా భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. "ఇష్టం లేకపోతే మానేద్దాం. కాగితం మీద రాసిచ్చి పోదాం," అంది. కాగితాలను ఎవరు చదువుతారో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రెస్సు కథే కదా, ఇంట్లో మూడుసార్లు చెప్పిందే కదా అనుకున్నాను. "పర్లేదు మేడమ్," అన్నాను.

లోపల పొడుగాటి బల్ల, దాని వెనక ఏడుగురు సభ్యులు, ఎవరి ముందు వాళ్ళకు నీళ్ళ సీసా. మధ్యలో అధ్యక్షుడు. తెల్లటి గడ్డం, మాటిమాటికీ గోక్కుంటున్నాడు. కూర్చోగానే నాన్న తన గడ్డం కింద వేళ్ళు ఆడించి ఆయనకూ పేరు పెట్టేశాడు. అమ్మా, నిట్టూర్పూ వెనక వరసలో కూర్చున్నారు. నేను సభ్యుల పక్కన, నాన్నకు ఎదురుగా నిలబడ్డాను.

దుబాసీ పనికి ఒక నియమం ఉంది. ఎదుటి మనిషి 'నేను' అంటే దుబాసీ కూడా 'నేను' అనాలి. 'ఆయన ఇలా అంటున్నారు' అనకూడదు. దుబాసీ అనే మనిషి అక్కడ లేనట్టే లెక్క. ఉండీ లేనట్టుండటం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

మేడమ్ సెక్షన్ గురించి చెబుతోంది. ఆఫీసులకు ఇప్పటికే ఎన్నో ఉత్తర్వులు వెళ్ళాయని, ఏ ఒక్కటీ అమలు కాలేదని చెబుతోంది. బల్ల చివర ఫోను చూసుకుంటున్న సభ్యుడొకాయన తలెత్తి, "వాళ్ళకి ఎన్నిసార్లు రాసినా అంతేనమ్మా, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే," అన్నాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. హాల్లో అందరి ముఖాలూ ఒక్కసారి మారాయి. నాన్న ఆ ముఖాలన్నీ చూసి, "ఏమన్నాడు?" అని నన్ను అడిగాడు. దుబాసీకి వడగట్టే హక్కు లేదు. చెప్పాను.

నాన్న ఆయన వైపు తిరిగాడు. నాన్న చేతులు చెప్పిందే నా గొంతు చెప్పింది.

"సామెత సగమే చెప్పారండీ. సామెతల పుస్తకానికి ఎన్నిసార్లు అట్టలు కట్టానో, నాకు మొత్తం వచ్చు. శంఖం ఊదితే ఆ చెవిటివాడు ఏమన్నాడట? దాన్ని కొరకడం నీ తాత తరం కూడా కాదన్నాడట. పాపం, వాడికి శంఖం కనపడింది, ఊదేవాడి బుగ్గలు కనపడ్డాయి. అది తినే వస్తువు కాదని చెప్పే మనిషే పక్కన లేడు."

అందరూ నవ్వారు. ఆ సభ్యుడు అందరికంటే గట్టిగా నవ్వి ఫోను జేబులో పెట్టుకున్నాడు. వెనకనుంచి నిట్టూర్పు నాకు బొటనవేలు చూపించాడు. బాగా నడుస్తోంది అనుకున్నాను.

అధ్యక్షుడు గడ్డం గోక్కుంటూ ముందుకు వంగాడు. "మీ ఇబ్బంది అర్థమైందండీ. కానీ ఒక్క మాట. ఇంట్లో వినపడేవాళ్ళు ఒకరున్నా చాలు కదా? జీతానికొచ్చిన మనిషికంటే సొంత మనిషి నయం. సొంతవాళ్ళయితే ప్రేమగా చెప్తారు."

ఇక్కడ నాన్న ప్రెస్సు కథ ఎత్తుకోవాలి. మేం అనుకున్నది అదే. నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని వెనక వరసలోకి చూశాడు. అమ్మ తల కొంచెం ఊపింది. అప్పుడు మొదలుపెట్టాడు.

"నాకొక కూతురుంది," అన్నాను నేను. "ఆ పిల్లకి వినపడుతుంది. తనకి ఎనిమిదేళ్ళప్పుడు నా భార్య మళ్ళీ నీళ్ళోసుకుంది. నెలలు నిండాయి. ఒకరోజు కడుపులో కదలిక తెలియలేదు. ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం."

ఎక్కడికి పోతున్నాడో నాకప్పుడు అర్థమైంది. ఆగమని చెయ్యెత్తవచ్చు. ఎత్తితే అది కూతురు ఎత్తిన చెయ్యి అవుతుంది, దుబాసీది కాదు. నేను ఎత్తలేదు.

"డాక్టరమ్మ పరీక్ష చేసింది. చేశాక మా ఇద్దరి వంకా చూడలేదు. పిల్ల వంక చూసింది. వంగి, భుజం మీద చెయ్యేసి, నెమ్మదిగా ఏదో చెప్పింది. మంచి మనిషే. చెడ్డదని నేననను. ఆవిడకి మాత్రం ఇంకో దారేముంది?

"నా భార్య మంచం మీద ఉంది. మంచం ఎత్తు, పిల్ల పొట్టి. చేతులు కనపడాలి కదా, అందుకని నర్సు స్టూలు తెచ్చి వేసింది. పిల్ల స్టూలెక్కి చెప్పింది. తమ్ముడు చనిపోయాడు. ఇంకా లోపలే ఉన్నాడు. నువ్వు నొప్పులు పడాలి, అప్పుడు బయటికి తీస్తారు. ఒక్క ముక్క తప్పు పోలేదు. నా భార్య అడగడం మొదలుపెట్టింది. ఎందుకు పోయాడు, నేనేం చేశాను, నిన్న బరువెత్తాను అందుకా, అని. అడుగుతూనే ఉంది. పిల్ల స్టూలు మీదనుంచి అటూ ఇటూ తిరుగుతూ ఆవిడ మాట డాక్టరుకీ, డాక్టరు మాట ఆవిడకీ చెబుతూనే ఉంది."

నా గొంతు ఎక్కడైనా ఆగిందేమో నాకు తెలియదు. ఆగలేదని నిట్టూర్పు తర్వాత చెప్పాడు.

"కొడుకు పోయాడని మేమిద్దరం ఏడ్చాం. తమ్ముడు పోయాడని ఆ పిల్ల ఏడవలేదు. తీరిక లేదు. పనిలో ఉంది. సొంతవాళ్ళయితే ప్రేమగా చెప్తారని తమరన్నారు. నిజమేనండీ. అందుకే వద్దంటున్నాను."

గడ్డం గోక్కునే చెయ్యి ఆగింది. బల్లకు ఆ చివర కూర్చున్న సభ్యురాలు, అంతవరకూ నోరు విప్పనావిడ, మెల్లగా అడిగింది.

"ఆ పాప ఇప్పుడేం చేస్తోందండీ?"

ఆ ప్రశ్నను నేను చేతుల్లోకి మార్చి నాన్నకిచ్చాను. ఆ పాప ఇప్పుడేం చేస్తోంది?

నాన్న నా చేతుల్ని చూసి, ఆ తర్వాత నా ముఖాన్ని చూశాడు.

"ఇక్కడే ఉంది," అన్నాను నేను, ఆయన అన్నట్టే. "ఇప్పుడు కూడా పనిలోనే ఉంది."

అధ్యక్షుడు ధన్యవాదాలు అన్నాడు. అది కూడా నాన్నకు చెప్పి, నేను వచ్చి కూర్చున్నాను.

వరండాలోకి వచ్చాక నాన్నను నిలదీశాను. "అది చెప్తానని నాతో ఒక్క మాటైనా ఎందుకనలేదు?"

"అంటే దిద్దేదానివి. మీ లాయర్లకి అదో జబ్బు."

"అమ్మనైనా అడగాలి కదా నాన్నా! అందరి ముందూ..."

అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నేనే చెప్పమన్నాను," అంది. తర్వాత కొంచెంసేపు చేతులు కట్టుకుని నిలబడి, మళ్ళీ విప్పింది. "ఆ రోజు నీకు తిండి ఎవరు పెట్టారు? ఇన్నేళ్ళూ అడుగుదామనుకుంటూనే ఉన్నాను. పొద్దుణ్ణుంచీ నువ్వేమీ తినలేదు. నేను చూసుకోలేదు."

ఆ రోజు స్టూలు గుర్తుంది, దాని ఒక కాలు పొట్టిగా ఉండి కదలడం గుర్తుంది. తిండి సంగతి గుర్తు లేదు.

"నర్సు బ్రెడ్డు పెట్టిందమ్మా," అన్నాను.

"పోన్లే," అంది అమ్మ. చాలా తేలికపడినట్టు అంది.

మేడమ్ నెమ్మదిగా, ఒక్కో మోకాలికీ నచ్చజెప్పుకుంటూ మా దగ్గరకు వచ్చింది. ఏదో పెద్ద మాట అంటుందేమోనని భయపడ్డాను. "రేపు ఆఫీసుకి రాకు," అంది.

"రేపు ఆదివారం మేడమ్."

"అయితే ఎల్లుండి కూడా రాకు."

బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని కునుకు తీసింది. నాన్న నా వైపు తిరిగి, "ఇవాళ్టితో నీకు సెలవు," అన్నాడు.

"ఏంటి సెలవు?"

"నా తరఫున నువ్విక మాట్లాడొద్దు. అమ్మ తరఫునా వద్దు. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఎక్కడా."

సంతోషించాల్సిన మాట అది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పాతికేళ్ళు దాటిన కొలువులోంచి నోటీసైనా ఇవ్వకుండా తీసేసినట్టుంది.

"ఊరంతటికీ ముగ్గురే ఉన్నారు నాన్నా. వాళ్ళు దొరకాలంటే నెలలు పడుతుంది."

"ఆగుతాను. ఆగడం నాకేమన్నా కొత్తా?"

వానలు మొదలైన వారంలోనే నివేదిక వచ్చింది. టైర్ల కొట్టు ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నిట్టూర్పు తడిసిన చెప్పులు గుమ్మంలో విడిచి, కాగితం తీసి చదివాడు. సెక్షన్ తోకను కొయ్యలేదు, కాస్త కత్తిరించారు. "పద్దెనిమిదేళ్ళు నిండిన కుటుంబ సభ్యులు అందుబాటులో ఉన్నచో ఈ నిబంధన వర్తించదు."

"గెలిచామా, ఓడిపోయామా మేడమ్?" అన్నాడు. ఈసారి నిట్టూర్పు మాట తర్వాత వచ్చింది.

మేడమ్ ఆ వాక్యం తనే ఇంకోసారి చదువుకుంది. "ఇది చట్టమైతే ఇక ఏ ఆసుపత్రిలోనూ ఏ పిల్లనీ స్టూలెక్కించడానికి వీల్లేదు. ఎక్కిస్తే మనం కేసు వెయ్యొచ్చు."

"పెద్దవాళ్ళ సంగతి?"

"పెద్దవాళ్ళ సంగతి మళ్ళీ," అని, ఒక కొత్త ఫైలు తీసి దాని మీద బిల్లు పేరు రాసింది. ఆ కింద 'సవరణ కోసం' అని రాసింది. బీరువాలో అలాంటి ఫైళ్ళు ఒక వరసంతా ఉన్నాయి.

నాకు సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. నిద్ర వచ్చింది. ఆ మధ్యాహ్నం బల్లమీద తలపెట్టుకుని పడుకుంటే ఎవరూ లేపలేదు.

ఆ వానాకాలంలోనే నాన్నకు మెట్లెక్కితే ఆయాసం రావడం మొదలైంది. కొన్నాళ్ళు దాచాడు. దాయలేకపోయాక సంఘానికి రాసి, దుబాసీకి తీరికైన రోజు చూసుకుని, ఆసుపత్రిలో ఆ రోజుకే అపాయింట్‌మెంటు తీసుకున్నాడు. తోడుగా రమ్మని మాత్రం నన్ను పిలిచాడు.

దుబాసీ వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. కౌంటరులో అమ్మాయి నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూసింది.

"మీరు వాళ్ళమ్మాయే కదండీ? డాక్టరు గారు ఖాళీగానే ఉన్నారు. మీరు లోపలికి వెళ్ళి చెప్పేయొచ్చుగా?"

రాబోయే చట్టం ప్రకారం చూసినా ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పు లేదు. నాకు పద్దెనిమిదేళ్ళు ఎప్పుడో నిండాయి.

"నేను అందుబాటులో లేనండీ," అన్నాను. ఆ అమ్మాయి ముందు నిలబడే అన్నాను.

దుబాసీ వానలో తడుసుకుంటూ వచ్చింది. నాకంటే చిన్నపిల్ల. వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు, తలుపు మూసుకుంది. నేను బయట బల్లమీద కూర్చున్నాను. మా ఇంట్లోవాళ్ళ గురించి ఒక డాక్టరు మాట్లాడుతుంటే నేను తలుపుకు ఇవతల ఉండటం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తోచక చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కడా కుదురుగా ఉండలేదు అవి.

చాలాసేపటికి బయటికి వచ్చారు. నాన్న ముఖంలో నాకేమీ చిక్కలేదు. దుబాసీని పక్కకు పిలిచి, "ఏమన్నారు డాక్టరుగారు?" అని అడిగాను.

ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. "అది నేను చెప్పకూడదు కదండీ."

చెప్పకూడదు. ఆ నియమం నాకు తెలుసు. కమిటీకిచ్చిన ముసాయిదాలో అది రాసింది నేనే.

నాన్నను అడిగాను. "ఇంటికి పోదాం. ముందు మీ అమ్మకి చెప్పాలి," అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. నాన్న చెప్పులు విప్పుతుంటే, అలవాటుగా నన్ను అడిగింది. "ఏమన్నాడు డాక్టరు?"

"నాకు తెలీదమ్మా. ఆయన్ని అడుగు," అన్నాను.

అమ్మ ఒక్క క్షణం అర్థం కానట్టు నన్ను చూసింది. తర్వాత నాన్నను చూసింది. నాన్న దీపం కింద కుర్చీ ఒకటి అమ్మ కోసం లాగి, ఎదురుగా తను కూర్చున్నాడు.

చేతులతో మాట్లాడేచోట గుసగుసలుండవు. గదిలో ఎవరున్నా వాళ్ళకు కనపడిపోతుంది. వినకూడదనుకుంటే చూడకుండా ఉండాలి, అంతే. నేను వెళ్ళి కిటికీ దగ్గర వాళ్ళకు వీపు పెట్టి నిలబడ్డాను. బయట వాన పడుతోంది. వెనక నాన్న ఏదో చెబుతున్నాడు. ఆయన చెప్పడం ఆపగానే అమ్మ చేతి గాజులు గలగలమన్నాయి. ఆగి, మళ్ళీ గలగలమన్నాయి. ఆ చప్పుడును బట్టి ఆవిడ ఏదో అడుగుతోందని తెలుస్తోంది. ఏమడుగుతోందో తెలియలేదు.